ఉపాధ్యాయునికి ఉపాధ్యాయుడే తోడు: సూరత్ తెలుగు బడులు చెప్పే పాఠం

భాషను బోధించే ఉపాధ్యాయునికి వృత్త్యంతర శిక్షణ ఎవరివ్వాలి అన్న ప్రశ్నకు ప్రభుత్వ కార్యాలయాలలో చాలాకాలంగా ఒకే సమాధానం స్థిరపడి ఉన్నది. రాజధానిలో నిపుణులు కూర్చొని ఒక కరదీపికను తయారు చేస్తారు. దానిని రాష్ట్ర స్థాయిలో కొందరికి వివరిస్తారు. వారు జిల్లా స్థాయిలో మరికొందరికి, ఆ మరికొందరు కింది స్థాయిలో ఇంకెందరికో చెబుతారు. చివరి మెట్టు మీద కూర్చున్న బడిపంతులు హాజరుపట్టీలో సంతకం చేసి, కరదీపికను సంచిలో పెట్టుకొని ఇంటికి వెళతాడు. మరునాడు తరగతిలో అతడు చెప్పే పాఠం మాత్రం అంతకుముందు చెప్పిన పాఠమే. ఈ ఏర్పాటును మార్చడానికి ఇంకొక కరదీపిక వేయడం తప్ప వేరే మార్గమేదీ విద్యాశాఖలకు తోచడం లేదు.

మార్గం లేక కాదు. ఒకే భాషను, ఒకే రకమైన పిల్లలకు, ఒకే విధమైన పరిస్థితులలో బోధించే ఉపాధ్యాయులు తమలో తాము కలుసుకోవడం, ఒకరి పాఠం ఒకరు చూడడం, ఒకరి సందేహం మరొకరు తీర్చడం అన్నిటికంటే పాత శిక్షణ. అన్నిటికంటే చౌకైన శిక్షణ కూడా అదే. దానికి విద్యాశాఖల విధానపత్రాలలో ప్రశంసలు పుష్కలంగా ఉన్నాయి. పనివేళల పట్టికలో మాత్రం చోటు లేదు. ఈ వైరుధ్యం ఎంత నష్టం చేస్తున్నదో తెలుసుకోవాలంటే హైదరాబాదునో విజయవాడనో చూస్తే చాలదు. తెలుగు ఉపాధ్యాయుడు అందరికంటే ఒంటరిగా నిలబడి ఉన్న చోటును చూడాలి. అటువంటి చోటు సూరత్.

ఏడు భాషల నగరపాలిక

తపతీ నది ఒడ్డున ఉన్న సూరత్ వజ్రాల సానకూ, మరమగ్గాల బట్టకూ ప్రసిద్ధికెక్కింది. ఆ మరమగ్గాల మీద పనిచేసే చేతులలో తెలుగు చేతులు చాలా ఉన్నాయి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాలలో చేమగ్గం కూడు పెట్టలేని రోజులు వచ్చినప్పుడు పద్మశాలి కుటుంబాలు భీవండి, షోలాపూర్, ముంబయి, సూరత్ నగరాలకు తరలిపోయాయి. సూరత్‌లో లింబాయత్, డిండోలి, ఉధనా ప్రాంతాలలో స్థిరపడినవారు బతుకమ్మను వెంట తీసుకుపోయారు, మార్కండేయుని వెంట తీసుకుపోయారు, భాషనూ వెంట తీసుకుపోయారు. ఇప్పుడు బడిలో కూర్చున్న పిల్లలలో చాలామంది అక్కడే పుట్టినవారు. వారికి తెలంగాణ సెలవులకు వెళ్ళే ఊరు మాత్రమే.

ఈ నగరపాలక సంస్థను ఒక విషయంలో మెచ్చుకోవాలి. దాని ప్రాథమిక విద్యా సమితి గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఇంగ్లీషు, ఒడియా, తెలుగు అనే ఏడు మాధ్యమాలలో బడులు నడుపుతున్నది. బ్రతుకుతెరువు కోసం వచ్చినవారి పిల్లలకు వారి భాషలో అక్షరాభ్యాసం చేయించే ఈ ఔదార్యం దేశంలోని అన్ని నగరాలకూ లేదు. ముంబయి నగరపాలిక వంటి కొన్నింటికే ఆ సంప్రదాయం ఉన్నది. 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 350ఏ అధికరణం భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే సౌకర్యాలు కల్పించమని ప్రతి రాష్ట్రానికీ, ప్రతి స్థానిక సంస్థకూ చెబుతున్నది. ఆ మాటను సూరత్ చెవిన పెట్టింది.

అయితే బడి తెరిచి, గోడ మీద తెలుగులో పేరు రాయించి, ఒక ఉపాధ్యాయుని నియమించినంత మాత్రాన రాజ్యాంగం చెప్పిన సౌకర్యం పూర్తి అయినట్లేనా? ఆ ఉపాధ్యాయునికి తన పనిలో తోడు ఎవరు? గుజరాతీ బోధించే ఉపాధ్యాయునికి నగరమంతా సాటివారే. పుస్తకాల దుకాణం అతనిది, పత్రిక అతనిది, జిల్లా శిక్షణ సంస్థ అతనిది. తెలుగు ఉపాధ్యాయునికి సాటివారు కొద్ది బడులలోనే ఉన్నారు. రాష్ట్రవ్యాప్త శిక్షణలు రాష్ట్ర భాష చుట్టూ అల్లుకోవడం సహజం. వాటిలో కూర్చున్న తెలుగు పంతులు అక్కడ విన్న సాధారణ సూత్రాలను తన భాషకు తానే అన్వయించుకోవాలి. అన్వయం కుదిరిందో లేదో చెప్పగలిగేవారు ఆ గదిలో ఉండరు. గాంధీనగర్‌కు తెలుగు తెలియదు, హైదరాబాదుకు సూరత్ తెలియదు. రెండూ తెలిసినవాడు పక్క బడిలోని మరొక తెలుగు ఉపాధ్యాయుడు ఒక్కడే. అతనిని కలుసుకునే వీలును మాత్రం ఏ ఉత్తర్వూ కల్పించడం లేదు.

కరదీపికలో లేని చిక్కులు

ఇది కేవలం మనసు విప్పి మాట్లాడుకునే సదుపాయానికి సంబంధించిన విషయం కాదు. సూరత్ వంటి నగరంలో తెలుగు బోధనకు ఉన్న చిక్కులు వేరు. వాటికి పరిష్కారం ఏ పుస్తకంలోనూ రాసి లేదు.

మొదటి చిక్కు ఇంటి తెలుగుకూ వాచకం తెలుగుకూ మధ్య ఉన్న దూరం. కరీంనగర్ నుంచి వచ్చిన అనేక కుటుంబాలలో అవ్వ అంటే తల్లి, బాపు అంటే తండ్రి. కోస్తా జిల్లాల వాడుకలో అవ్వ అంటే అమ్మమ్మో నాయనమ్మో. వాచకంలోని కథలో తల నెరసిన అవ్వ కర్ర పట్టుకొని వస్తే, బొమ్మ చూసిన పిల్లవాడు తన తల్లికి ఈ ముసలితనం ఎక్కడిదని తికమకపడతాడు. ఉపాధ్యాయుడు ఇంటి మాటను తప్పని దిద్దితే ఆ పిల్లవాడు తల్లిని పిలిచే పిలుపునే తప్పని దిద్దినట్లు. దిద్దకపోతే పరీక్షలో మార్కు పోతుంది. రెండు అర్థాలనూ తరగతి ముందు పెట్టి, ఒక్కొక్క ప్రాంతంలో ఒక్కొక్కరిని అలా పిలుస్తారని చెప్పి, పిల్లల ఇళ్ళలోని బంధువాచకాలన్నీ నల్లబల్ల మీద రాయించే ఉపాధ్యాయుడు ఒకడు ఎక్కడో ఉంటాడు. అతడు కనిపెట్టిన ఈ ఉపాయం అతని తరగతి గది తలుపు దాటి పక్క బడికి వెళ్ళే దారి లేదు.

రెండవది లిపి చిక్కు. గుజరాతీ లిపిలో హ్రస్వమైన ఎకార ఒకారాలకు వేరే అక్షరాలు లేవు. హిందీకి వాడే నాగరి లిపిలోనూ అంతే. తెలుగులో మెడ వేరు, మేడ వేరు. కొన వేరు, కోన వేరు. వీధి పలకల మీద, దుకాణాల మీద, మిగతా పాఠాలలో ఒకే ఎకారాన్ని చూసి పెరిగే పిల్లవాడికి ఈ తేడా చెవికి తెలిసినా చేతికి అందకపోవచ్చు. ఇది పిల్లవాడి అశ్రద్ధ వల్ల వచ్చిన తప్పు కాదు. రెండు లిపుల మధ్య బ్రతకడం వల్ల వచ్చినది. దానిని అశ్రద్ధగా లెక్కించి పదిసార్లు రాయించే ఉపాధ్యాయునికీ, లిపుల తేడాను గుర్తించి జంట పదాలతో అభ్యాసం చేయించే ఉపాధ్యాయునికీ మధ్య ఉన్నది ఒక గంట సంభాషణ మాత్రమే.

మూడవది సంస్కృత పదాల మాయ. ఒకే పదం పక్కపక్క భాషలలో వేరు వేరు వేషాలు వేస్తుంది. తెలుగులో ప్రపంచం అంటే లోకం. గుజరాతీలో ప్రపంచ్ అంటే సాధారణంగా కపటం, కుట్ర. తెలుగులో ఉపన్యాసం అంటే సభలో చేసే ప్రసంగం, హిందీలో ఉపన్యాస్ అంటే నవల. ఉదయం హిందీ పాఠం, మధ్యాహ్నం తెలుగు పాఠం, సాయంత్రం వీధిలో గుజరాతీ మాట విన్న పిల్లవాడు ఈ పదాలను ఎలా సర్దుకుంటున్నాడో రోజూ చూసేవారు ఉపాధ్యాయులే. వారు ఆరుగురు కూర్చొని ఏడాదిపాటు ఇటువంటి పదాలను ఒక పుస్తకంలో రాసుకుంటే, ఏ విశ్వవిద్యాలయమూ ఇవ్వలేని ఉపకరణం వారి చేతిలో ఉంటుంది.

నాలుగవది చిక్కు కాదు, సంపద. ఈ పిల్లల ఇళ్ళలో మగ్గం మాట ఉన్నది. పడుగు, పేక, కండె, నాడె వంటి పదాలు పెద్దల నోట ఇంకా వినబడుతున్నాయి. మరమగ్గం కార్ఖానాలో అదే పడుగూ పేకా తానా బానాగా మారాయి. తండ్రి చేసే పనికి ఇంట్లో ఒక పేరు, కార్ఖానాలో మరొక పేరు ఉన్నదని గమనించిన పిల్లవాడు భాషాశాస్త్రంలో తొలి పాఠం తనంతట తానే నేర్చుకున్నాడు. రచనాభ్యాసానికి ఇంతకంటే మంచి వస్తువు ఏమున్నది? అయినా మా ఊరి జాతర, నేను చూసిన ఎడ్ల బండి వంటి శీర్షికలే పిల్లలకు ఇస్తున్నారంటే, శీర్షికలు ఎంచేవారికి సూరత్ తెలియదు, సూరత్ తెలిసినవారిని శీర్షికలు ఎంచనివ్వరు అని అర్థం.

శిక్షణ శిక్షగా మారిన తీరు

హిందీలో శిక్షా అంటే విద్య, తెలుగులో శిక్ష అంటే దండన. పై నుంచి కిందికి దిగే శిక్షణ ఈ రెండు అర్థాలనూ కలిపివేసింది. 1986 జాతీయ విద్యా విధానం వెంట దేశవ్యాప్తంగా సామూహిక పునశ్చరణ తరగతులు వచ్చాయి. 2019 ఆగస్టులో నిష్ఠ అనే బృహత్తర కార్యక్రమం మొదలైంది. ఆ మరుసటి ఏడాది అది దీక్షా వేదిక మీద ఆన్‌లైన్ పాఠాల రూపం తీసుకొన్నది. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి ఉపాధ్యాయుడూ ఏటా కనీసం 50 గంటలు వృత్తిపరమైన అభివృద్ధికి వెచ్చించాలన్నది. ఈ ప్రయత్నాల వెనుక సదుద్దేశం లేదని ఎవరూ అనరు. కాని గంటలు లెక్కించడం మొదలయ్యాక నేర్చుకోవడం వెనుకబడుతుంది. లక్షల మందికి ఒకే పాఠం వినిపించినప్పుడు ఆ పాఠం ఎవరి తరగతి గదికీ సరిగ్గా సరిపోదు. లింబాయత్‌లో తెలుగు చెప్పేవారి తరగతికి అసలే సరిపోదు.

తనిఖీ సంగతీ ఇంతే. గుజరాత్‌లో 2009లో మొదలైన గుణోత్సవ్‌లో మంత్రులు, ఉన్నతాధికారులు స్వయంగా బడులకు వెళ్ళి పిల్లల చదువును పరీక్షించి బడులకు శ్రేణులు నిర్ణయించారు. పెద్దలు బడి మెట్లెక్కడం మంచిదే. అయితే శ్రేణి వేసే అధికారి ముందు ఏ ఉపాధ్యాయుడైనా తనకు వచ్చిన పాఠమే చెబుతాడు, బాగా చదివే పిల్లవాడినే లేపుతాడు. తనకు చేతకానిదాన్ని దాచుకుంటాడు. భాషాబోధనలో చేతకానిది దాచుకున్నంతకాలం అది బాగుపడదు. ఒత్తులు పలికించడం తనకు రావడం లేదని, పద్యం పాడలేక వచనంగా చదివి దాటవేస్తున్నానని, నలభై నోటుపుస్తకాలు దిద్దలేక అడుగున సంతకం మాత్రం పెడుతున్నానని ఉపాధ్యాయుడు ఎవరితో చెప్పుకోగలడు? పై అధికారితో చెబితే అది సంజాయిషీ అవుతుంది. సాటివానితో చెబితే అది ప్రశ్న అవుతుంది, దానికి జవాబు వెతకవచ్చు. సహచరుల మధ్య జరిగే శిక్షణకు బలమంతా ఇక్కడే ఉన్నది.

కొత్త మాట కాదు

దీనిని విదేశీ పోకడ అనో, ఆచరణకు రాని ఆదర్శం అనో కొట్టివేసేవారు తెలుగు భాషా చరిత్రను మరచిపోయారు. 1906 ప్రాంతంలో విశాఖపట్నం వైపు పాఠశాలల పర్యవేక్షకుడుగా వచ్చిన జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడు, పుస్తకాల తెలుగుకూ జనం మాట్లాడే తెలుగుకూ ఇంత భేదం ఎందుకని అడిగాడు. ఆ ప్రశ్నకు ఉత్తర్వు రూపంలో జవాబు రాలేదు, ఉపాధ్యాయుల నుంచి వచ్చింది. పర్లాకిమిడిలో బడిపంతులుగా జీవితం గడిపిన గిడుగు రామమూర్తి, విజయనగరంలో గురజాడ అప్పారావు, విశాఖపట్నం ఎ.వి.ఎన్. కళాశాల అధ్యక్షులు పి.టి. శ్రీనివాస అయ్యంగార్ ఆ ప్రశ్నను పట్టుకున్నారు. శ్రీనివాస అయ్యంగార్ తెలుగు బోధనా సంస్కరణ కోసం ఒక సంఘాన్నే స్థాపించారు. గిడుగు 1919లో తెలుగు అనే పత్రికను నడిపారు. ఈనాడు ఏటా ఆగస్టు 29న గిడుగు జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నారు. సభలలో ఆయనను భాషా సంస్కర్తగా కీర్తిస్తారు. తోటి ఉపాధ్యాయులతో వాదించి, వారిని ఒప్పించి, వారి నుంచి నేర్చుకున్న ఉపాధ్యాయునిగా ఆయనను తలచుకునేవారు తక్కువ.

సూరత్‌కూ ఇటువంటి వారసత్వం ఉన్నది. 1844లో ఆ నగరంలో ఏర్పడిన మానవధర్మ సభకు మూలస్తంభమైన దుర్గారామ్ మెహతాజీ బడిపంతులు. ఆయన పేరులోని మెహతాజీ అన్న మాటకే పంతులు అని అర్థం. ఆయనతో కూర్చొని చర్చించిన దాదోబా పాండురంగ్ మరాఠీ వ్యాకరణకర్త, ఆ రోజులలో సూరత్‌లోనే ఉపాధ్యాయుడు. ఆ సభ చర్చించినది మూఢాచారాల గురించి, బోధనా పద్ధతుల గురించి కాదన్నది నిజమే. అయినా గుజరాతీ పంతులు, మరాఠీ పంతులు ఒక చోట చేరి ఎవరి ఉత్తర్వూ లేకుండా ఆలోచించడం ఆ నగరంలో దాదాపు 180 ఏళ్ళ కిందటే జరిగింది.

గుజరాత్ గడ్డ మీదనే భావనగర్‌లో గిజుభాయి బధేకా బాలల విద్యలో చేసిన ప్రయోగాలు దేశమంతటికీ తెలిసినవి. తెలుగులో పగటికల పేరుతో వచ్చిన ఆయన దివాస్వప్నలో ఒక ఉపాధ్యాయుడు విద్యాధికారిని అడిగి ఒక తరగతిని ఏడాదిపాటు ప్రయోగానికి తీసుకుంటాడు. ఆ పుస్తకంలో అధికారి చేసిన గొప్ప పని అనుమతి ఇచ్చి పక్కకు తప్పుకోవడం. ప్రయోగాన్ని మొదట శంకించినవారు తోటి ఉపాధ్యాయులే. కాబట్టి సాటివారు ఎప్పుడూ సాయపడతారని అనుకోవడం అమాయకత్వం. సాటివారి శంకను ఎదుర్కొని నిలిచిన పద్ధతే బడిలో వేరూనుతుందన్నదే దాని నుంచి గ్రహించవలసినది.

ఆంధ్రప్రదేశ్‌లో 1980లలో ప్రయోగంగా మొదలై, 1989 నుంచి 1996 వరకు బ్రిటిష్ సహాయంతో విస్తరించిన ప్రాథమిక విద్యా పథకం ఉపాధ్యాయ కేంద్రాలను నెలకొల్పింది. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు అక్కడ కలుసుకొని తాము చేయించిన కృత్యాలను, తయారు చేసిన బోధనోపకరణాలను, ఎదురైన కష్టాలను పంచుకోవాలన్నది ఉద్దేశం. ఈనాటి కాంప్లెక్స్ సమావేశాలకు ఆ కేంద్రాలు దగ్గరి చుట్టాలు. అంతకుముందే 1964-66 నాటి కొఠారీ కమిషన్ బడుల ఒంటరితనాన్ని పోగొట్టడానికి పాఠశాల సముదాయాలను సూచించింది. ఆలోచన అరవై ఏళ్ళ నాటిది. కాంప్లెక్స్ సమావేశం ఇప్పుడు చాలా చోట్ల సర్క్యులర్లు చదివి వినిపించే వేదికగా, గణాంకాలు సేకరించే రోజుగా మారిందని ఉపాధ్యాయులు వాపోతున్నారు. చర్చనీయాంశాలు పై నుంచి వచ్చినప్పుడు సమావేశం కిందివారిది కాకుండా పోతుంది.

మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్, ఇప్పటి నర్మదాపురం జిల్లాలో 1972లో 16 బడులలో మొదలైన విజ్ఞానశాస్త్ర బోధనా కార్యక్రమానికి ఉపాధ్యాయుల మాసిక గోష్ఠి ప్రాణం. తరగతిలో ప్రయోగం విఫలమైతే ఎందుకు విఫలమైందో అక్కడ తేల్చుకునేవారు. పాఠ్యపుస్తకం కూడా ఆ చర్చలతో మారేది. మూడు దశాబ్దాలు నడిచిన ఆ కార్యక్రమాన్ని 2002లో రాష్ట్ర ప్రభుత్వం మూసివేసింది. విజ్ఞానశాస్త్రంలో సాధ్యమైనది భాషలో సాధ్యం కాదా అన్న సందేహానికి 1974లో అమెరికాలోని బర్కిలీలో మొదలైన రచనా బోధన పథకం సమాధానం చెబుతున్నది. ఉపాధ్యాయులకు మంచి గురువులు ఉపాధ్యాయులే అన్నది, రాయడం నేర్పేవారు తామూ రాయాలి అన్నది దాని రెండు మూలసూత్రాలు. అది క్రమంగా ఆ దేశమంతటా వ్యాపించింది. జపాన్‌లో అయితే కొందరు ఉపాధ్యాయులు కలిసి ఒక పాఠాన్ని రచించడం, ఒకరు దానిని చెప్పగా మిగిలినవారు వెనుక కూర్చొని పిల్లలను గమనించడం, తరువాత చర్చించి పాఠాన్ని మార్చుకోవడం తరాలుగా వృత్తిలో భాగం. అక్కడ పరిశీలనకు నిలిచేది పాఠం, ఉపాధ్యాయుని ఉద్యోగం కాదు.

ఆక్షేపణలు

ఇంత చెప్పినా కార్యాలయాల నుంచి వచ్చే ఆక్షేపణలు నాలుగు ఉన్నాయి. తెలియనివారు పదిమంది కూడితే తెలివి పుడుతుందా అన్నది మొదటిది. పుట్టకపోవచ్చు. అందుకే పుస్తకాలూ నిపుణులూ కావాలి. అయితే నిపుణుని పిలవవలసినది ఉపాధ్యాయులు, తమకు తేలని ప్రశ్న చేతిలో పట్టుకొని. హ్రస్వ ఎకారం సంగతి తేలక భాషాశాస్త్రజ్ఞుని పిలిచినవారు ఆయన చెప్పిన దానిని మరచిపోరు. పిలవని నిపుణుడు చెప్పిన రెండు గంటల ఉపన్యాసం గుమ్మం దాటేసరికే మరుపున పడుతుంది.

బడి సమయం వృథా అవుతుందన్నది రెండవ ఆక్షేపణ. ఎన్నికల పనికీ, సర్వేలకూ, పట్టికలు నింపడానికీ బడి సమయాన్ని ధారాళంగా వెచ్చించే వ్యవస్థ ఈ మాట అనడం విడ్డూరం. నెలకు ఒక పూట అంటే ఏడాదికి పది పూటలు. 50 గంటల నియమంలో అది సులువుగా ఇముడుతుంది. అదనంగా ఒక్క గంట అడగనక్కరలేదు, ఉన్న గంటలను వేరే విధంగా లెక్కిస్తే చాలు.

జవాబుదారీ ఏమిటన్నది మూడవది. సహచరుల గోష్ఠి కబుర్లతో ముగిసిపోతే ఎవరు అడుగుతారు? ఈ భయంలో నిజం ఉన్నది. కబుర్ల గోష్ఠులు లేకపోలేదు. అయితే దానికి మందు ఇంకొక నివేదిక కాదు. ప్రతి గోష్ఠి చివర తరగతిలో పనికివచ్చే వస్తువు ఏదో ఒకటి మిగలాలి. అది ఒక జంట పదాల పట్టిక కావచ్చు, మార్చిన పాఠ్యపథకం కావచ్చు, పిల్లలు రాసిన పది వ్యాసాల మీద వ్యాఖ్య కావచ్చు. ఏడాది చివర వాటిని ఒకచోట చేర్చి చూస్తే గోష్ఠి జరిగిందో లేదో ఎవరికైనా తెలుస్తుంది.

సూరత్‌లో తెలుగు ఉపాధ్యాయులు కొద్దిమందే కదా, ఇంత చిన్న వర్గానికి ప్రత్యేక ఏర్పాటు ఎందుకన్నది నాలుగవ ఆక్షేపణ. ఇది అన్నిటికంటే బలహీనమైనది. సంఖ్య తక్కువ కాబట్టే కరదీపికలు వారిని చేరవు. సంఖ్య తక్కువ కాబట్టే అందరూ ఒకే గదిలో ఒకే బల్ల చుట్టూ కూర్చోగలరు. పెద్ద వర్గానికి అసాధ్యమైన సౌలభ్యం చిన్న వర్గానికి ఉన్నది.

చేయవలసిన పని

చేయవలసినది పెద్దదేమీ కాదు. నగరంలోని తెలుగు ఉపాధ్యాయులందరూ నెలకు ఒక పూట విధి నిర్వహణలో భాగంగా కలుసుకునే ఉత్తర్వు ఒకటి కావాలి. విధి నిర్వహణలో భాగంగా అన్న మాట ముఖ్యం. సెలవు రోజున సొంత ఖర్చుతో చేయమనడం త్యాగాన్ని కోరడమవుతుంది. ఒక్కొక్క నెల ఒక్కొక్క బడిలో కూడాలి. ఆ బడి ఉపాధ్యాయుడు ఒక పాఠం చెప్పాలి, మిగిలినవారు చూడాలి. చూసినవారు రాసుకున్నది పై అధికారికి చేరరాదు, సేవాపుస్తకంలోకి ఎక్కరాదు. ఈ ఒక్క హామీ లేకపోతే మిగిలిన ఏర్పాట్లన్నీ దండగ.

రెండవ పని భాషల మధ్య గోడ తీయడం. సూరత్‌లో ఒడియా ఉపాధ్యాయుడూ తెలుగు ఉపాధ్యాయుని వలెనే ఒంటరి. వలస కుటుంబం, ఇంటి మాండలికం, వీధి గుజరాతీ, పుస్తకపు భాష అన్న నాలుగు మూలల పెట్టెలో ఇద్దరూ ఉన్నారు. ఏడాదికి రెండు మూడు సార్లయినా ఒడియా, మరాఠీ, ఉర్దూ, తెలుగు ఉపాధ్యాయులు కలిసి కూర్చుంటే ఒకరి ఉపాయం మరొకరికి అందుతుంది. గుజరాతీ ఉపాధ్యాయులూ అందులో ఉండాలి. తమ తరగతిలోనూ అమ్మ భాష వేరే అయిన పిల్లలు కూర్చున్నారని వారికి తెలియనిది కాదు.

మూడవ పని సరిహద్దులు దాటే స్నేహం. ముంబయి నగరపాలిక తెలుగు ఉపాధ్యాయులదీ, సూరత్ తెలుగు ఉపాధ్యాయులదీ ఒకే కథ. తెలంగాణలోని సిరిసిల్ల మరమగ్గాల వీధిలో తెలుగు చెప్పే ఉపాధ్యాయునికీ సూరత్ వానికీ పిల్లల ఇంటి పదజాలం ఒకటే. ఏటా కొందరు అటు వెళ్ళి, కొందరు ఇటు వచ్చి వారం రోజులు ఒకరి తరగతిలో ఒకరు కూర్చొనే ఏర్పాటుకు రెండు రాష్ట్రాల అకాడమీలూ, సాంస్కృతిక శాఖలూ పూనుకుంటే ఖర్చు ఒక సాంస్కృతికోత్సవం వేదిక అలంకరణకు మించదు. ప్రవాస తెలుగువారి సంస్కృతిని కాపాడడమంటే ఏడాదికొకసారి కళాబృందాన్ని పంపడమనే అలవాటు బలపడింది. కళాబృందం వచ్చి వెళుతుంది. పిల్లవాడి ముందు ఏడాది పొడవునా నిలబడేవాడు ఉపాధ్యాయుడు.

పిల్లలు తగ్గుతున్నారన్న కారణంతో మాతృభాషా మాధ్యమం బడులను మూయడం చాలా నగరాలలో జరుగుతున్నది. తల్లిదండ్రుల దృష్టి ఇంగ్లీషు మాధ్యమం వైపు మళ్ళిందన్నది నిజం. కాని పిల్లవాడిని తెలుగు బడికి పంపాలా వద్దా అని లింబాయత్‌లోని తల్లి నిర్ణయించుకునేటప్పుడు రాజ్యాంగపు అధికరణాన్ని చదివి నిర్ణయించుకోదు. పక్కింటి పిల్లవాడు అక్కడ చదివి ఏమి నేర్చుకున్నాడో చూసి నిర్ణయించుకుంటుంది. బాగా చెప్పే ఉపాధ్యాయుడున్న బడి నిలుస్తుంది, ఒంటరితనంలో విసిగిన ఉపాధ్యాయుడున్న బడి ఖాళీ అవుతుంది. ఖాళీ అయ్యాక భాష అంతరిస్తున్నదని సదస్సులు జరిపి ప్రయోజనం లేదు.

నేతపని ఏ కరదీపికా చదివి ఎవరూ నేర్చుకోలేదు. కొత్తవాడు తెగిన పోగును ఎలా అతకాలో పక్క మగ్గం వానిని చూసి నేర్చుకున్నాడు, తానూ మరొకనికి చూపించాడు. ఆ నేతగాళ్ళ పిల్లలకు చదువు చెప్పే పంతుళ్ళకు ఆ పాటి అవకాశం ఇవ్వడానికి నిధులు అక్కరలేదు, కొత్త చట్టం అక్కరలేదు. నెలకు ఒక పూట వారిని కలవనిచ్చి, వారి మాటలలో తలదూర్చకుండా ఉండే సంయమనం అధికారులకు కావాలి. సూరత్ నగరపాలిక ఏడు భాషలలో బడి తెరిచి దేశానికి ఒక దారి చూపింది. ఆ ఏడు భాషల ఉపాధ్యాయులను ఒకరికొకరిని తోడు చేసి ఆ దారిని పూర్తి చేయవలసిన బాధ్యతా దానిదే.